తీరని బాకీ

‘నీ బాకీ ఉంచుకోను!’

తెలుగునాట ఈ మాట అనేవాళ్లు రెండు రకాలు. కష్టకాలంలో ఆదుకున్నవాడి చేతులు పట్టుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని అనేవాడు ఒకడు. నలుగురిలో చెంపదెబ్బ తిని, పళ్లు కొరుక్కుంటూ వెళ్లిపోతూ అనేవాడు ఇంకొకడు. మాట ఒక్కటే. గొంతు వినకుండా కాగితం మీద చదివితే, ఎవరు దండం పెడుతున్నారో ఎవరు కత్తి నూరుతున్నారో చెప్పడం కష్టం.

తెలుగు భాషలో పగ సంగతే అంత. ఎవరూ పగ ‘చేయరు’. ‘తీసుకోరు’. తీర్చుకుంటారు. దాహం తీర్చుకున్నట్టు, ముచ్చట తీర్చుకున్నట్టు, తిరుపతి కొండకు మొక్కు తీర్చుకున్నట్టు. అన్నిటికంటే ముఖ్యంగా, అప్పు తీర్చుకున్నట్టు. పెంచి పెద్దచేసిన అమ్మానాన్నల గురించి చెప్పేటప్పుడు ‘వాళ్ల రుణం ఈ జన్మలో తీర్చుకోలేను’ అంటాడు మనిషి. అదే మనిషి, అదే క్రియాపదంతో, అన్నను చంపినవాడి మీద పగ కూడా తీర్చుకుంటానంటాడు. కృతజ్ఞతకూ పగకూ భాష ఒకే ఖాతా పుస్తకం ఇచ్చింది.

కాస్త నిలబడి ఆలోచిస్తే ఇందులో ఒక విచిత్రం ఉంది. దెబ్బతిన్నవాడు న్యాయంగా అప్పు ఇచ్చినవాడి లెక్కలోకి రావాలి. అవతలివాడు అతనికి బాకీపడ్డాడు. కాబట్టి ఇతను వసూలు చేసుకోవాలి. ఇంగ్లిషువాళ్ల ‘రివెంజ్’ సరిగ్గా ఆ దారినే వచ్చింది. పాత ఫ్రెంచి భాష మీదుగా వెనక్కి వెళితే అది ‘నాకు రావాల్సింది ఇదీ’ అని హక్కు చాటుకోవడాన్ని చెప్పే లాటిన్ మాట దగ్గర తేలుతుంది. తెలుగువాడు మాత్రం వసూలు చేసుకుంటానని అనడు. తీర్చుకుంటానంటాడు. అంటే బాకీపడ్డవాడు తనేనన్నమాట! మరి ఎవరికి బాకీ? ఎదుటివాడికైతే కాదు. చనిపోయిన తండ్రికి, అవమానపడ్డ అక్కకు, ఎదురుచూస్తున్న ఊరికి. ‘వాడి కొడుకై ఉండి ఏం చేశాడు?’ అని అడిగే నోళ్లకు. పగ అనే అప్పులో రుణదాత చంపినవాడు కాదు, చచ్చినవాడు. చచ్చినవాడు వచ్చి ‘ముట్టింది’ అని రశీదు రాసివ్వడు. ఈ బాకీ ఎంత చెల్లించినా తీరకపోవడానికి అసలు కారణం ఇదే కావచ్చు.

పొరుగు భాషలవాళ్లూ చాలావరకు ఈ లెక్కలోనే ఉన్నారు. కన్నడిగులు ‘సేడు తీరిసికొళ్ళు’ అంటారు. మన ‘తీర్చు’కు అది స్వయానా చెల్లెలు. మలయాళంలో ‘పక వీట్టుక’ అంటే పగ తీర్చుకోవడం, ‘కడం వీట్టుక’ అంటే అప్పు తీర్చడం. తమిళులు మాత్రం ఈ పనికి మామూలుగా వాడేది ‘పళి వాంగుదల్’ అన్న మాట. వాంగడం అంటే పుచ్చుకోవడం, కొనుక్కోవడం. ఒకరు చెల్లిస్తుంటే ఒకరు పుచ్చుకుంటున్నారు. నాలుగు ఇళ్లూ కలిసి ఒక పద్దు రాసుకున్నట్టుంది.

‘తీర్చుకోవడం’ సంగతి ఇదైతే, అసలు ‘పగ’ ఎక్కడిది? ఇది సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాట కాదు. ఇంటి మాటే. తమిళంలో పకై, మలయాళంలో పక, కన్నడంలో హగె. పాలు ‘హాలు’గా, పులి ‘హులి’గా మారిన భాషలో పగ ‘హగె’ కావడం సహజమే. తమిళంలో ‘పకు’ అంటే చీలడం, విడిపోవడం. పకై దాన్నుంచే పుట్టిందంటారు పండితులు. తెలుగులో కుండ ‘పగలడం’, గోడ ‘పగుళ్లివ్వడం’ ఆ కుటుంబానివే. ఆస్తి ‘పంచడం’, ‘పంపకం’ కూడా ఆ చుట్టరికంలోవే అంటారు.

అంటే పగ మొదట్లో నెత్తుటి మాట కాదు, బీటల మాట. ఒకటిగా ఉన్నది రెండు కావడం. ఇది ఎంత నిజమో తెలియాలంటే ఏ ఊళ్లోనైనా పంపకాలు జరిగిన ఇంటిని చూడాలి. నడవ మధ్యలో లేచిన గోడ, బావి దగ్గర వంతులు, గట్టు మీద చింతచెట్టు ఎవరిదన్న తగువు. అన్నదమ్ములు విడిపోతారు, వాళ్ల పిల్లలు దాయాదులవుతారు. ‘దాయం’ అంటే వారసత్వపు వాటా. అది అందుకునేవాడు దాయాది. తెలుగు కవులు ‘దాయ’ అన్న మాటను జ్ఞాతికి ఎంత మామూలుగా వాడారో శత్రువుకూ అంత మామూలుగా వాడారు. పాత నిఘంటువుల్లో రెండర్థాలూ పక్కపక్కనే కూర్చుని ఉంటాయి, ఒకే అరుగు మీద ఎడముఖం పెడముఖంగా కూర్చున్న అన్నదమ్ముల్లా. కౌరవ పాండవుల కథ వేల ఏళ్లుగా పాతబడకపోవడానికి పెద్ద రహస్యమేమీ లేదు. అది పంపకాల తగాదా.

పగ ఇంటి పిల్లయితే ‘కక్ష’ సంస్కృతం నుంచి కాపురానికి వచ్చిన కోడలు. సంస్కృతంలో దీనికి బోలెడు అర్థాలు. చంక, నడికట్టు, గ్రహాలు తిరిగే దారి, వాటితోపాటు పోటీ. లక్ష్మి లచ్చి అయినట్టు కక్ష నోళ్లలో నలిగి కచ్చ అయింది. అందుకే తెలుగులో పంచెకూ పగకూ ఒకే మాట కుదిరింది. పంచె కచ్చపోసి కట్టిన మనిషి పనిలోకి దిగబోతున్నాడని అర్థం. ‘నా మీద కచ్చ కట్టాడు’ అన్నా దాదాపు అదే, చేయబోయే పనే వేరు.

ఈ కక్ష గూటి నుంచే కోర్టుల్లో వినిపించే కక్షి, ఉభయ కక్షులు, కక్షిదారు వచ్చాయి. పక్షానికీ పగకూ మధ్య దూరం అంతే. తమాషా ఏమిటంటే, ఇంగ్లిషు ‘ఫ్యాక్షన్’ కూడా ఇదే దారి తొక్కింది. పుట్టింట్లో దాని అర్థం ఒక వర్గం, ఒక జట్టు. తెలుగునేల మీద అడుగుపెట్టాక అది తరతరాల హత్యల పేరైంది. ఇవాళ తెలుగులో ‘ఫ్యాక్షన్’ అంటే వర్గమని ఎవరికీ స్ఫురించదు, సుమోలూ బాంబులూ కళ్లముందు కదులుతాయి. ఇక పత్రికల భాషలో అయితే ‘కక్షసాధింపు’ లేని రాజకీయ వార్త అరుదు. ఏ ప్రభుత్వం వచ్చినా ప్రతిపక్షం అనే మొదటి మాట అదే. పార్టీలు తారుమారైతే ఆ మాట కూడా కుర్చీ మారుతుంది.

మిగతా మాటల్లో ‘ప్రతీకారం’ పెద్దమనిషి తరహా. ఎదురుగా చేసే పని అని దాని అర్థం. సంస్కృతంలో రోగానికి చేసే విరుగుడుకు కూడా ప్రతీకారమనే పేరుంది. తెలుగులోకి వచ్చేసరికి వైద్యం పోయి వేటు మిగిలింది. ‘కసి’ది ఇందుకు పూర్తిగా ఎదురు నడక. ఒకప్పుడు కసి ఉన్నవాడికి దూరంగా ఉండమని పిల్లలకు చెప్పేవారు. ఇప్పుడు ఆటల పేజీ తెరిస్తే ‘కసిగా ఆడిన కుర్రాళ్లు’ అని మెచ్చుకోలు. పరీక్షలకు కూడా కసిగా చదవమంటున్నారు కన్నవాళ్లు.

‘బదులు’ కథ ఇంకా బాగుంటుంది. మార్పిడిని చెప్పే అరబ్బీ ‘బదల్’ ఎన్నో దేశాలు తిరిగింది. పష్తూన్ల కట్టుబాట్లలో ‘బదల్’ అంటే పగకు పగ. హిందీలో ‘బద్‌లా’ అన్నా ప్రతీకారమే. అదే మాట తెలుగింటికి వచ్చేసరికి ఎంత సాధువైపోయిందో చూడండి. ప్రశ్నకు ఇచ్చేది బదులు. లేనిదానికి మారుగా పెట్టేది బదులు. పక్కింటివాళ్ల దగ్గర అడిగి తెచ్చుకునేది చేబదులు. ఒకచోట తుపాకీ పట్టిన మాట ఇంకోచోట గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి, ‘రెండు గ్లాసుల బియ్యం బదులివ్వండి వదినా’ అంటోంది. మాటలకు కూడా మంచి సావాసం దొరకాలి.

అప్పు పోలిక పగకు ఎంతవరకు సరిపోతుందో చూడాలంటే ప్రామిసరీ నోటును పక్కన పెట్టుకోవాలి. రైతు కుటుంబాల్లో దాని సంగతి తెలియనివారుండరు. నోటుకు మూడేళ్లు గడువు. ఆలోగా దావా వేయకపోతే కాలదోషం పడుతుంది. అందుకే అప్పిచ్చినవాడు గడువు దగ్గరపడుతుండగా వచ్చి, ఎంతో కొంత జమ చేయించుకుని నోటు వెనక చెల్లు రాయించుకుంటాడు. దాంతో మళ్లీ మూడేళ్లు ప్రాణం. పగకు ఈ కాలదోషమన్న నిబంధన లేదు. చెల్లు రాయించుకునే పద్ధతి మాత్రం ఉంది. ప్రతి ఎదురుదెబ్బా ఒక చెల్లే. బాకీ తీరిందనుకుని వేసిన వేటు, అవతలి ఇంట్లో కొత్త నోటు మీద తారీఖు వేస్తుంది. ఇక్కడ తీరింది, అక్కడ మొదలైంది. ‘వడ్డీతో సహా తీర్చుకుంటా’ అనే మాట ఊరికే పుట్టలేదు.

ఇంకొకటి. తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చాలన్నది హిందూ ధర్మశాస్త్రంలో చాలా పాత కట్టుబాటు. తండ్రి, తాత, ముత్తాతల బాకీలు పవిత్ర బాధ్యతగా వారసుల నెత్తిన ఉండేవి, కోర్టులూ ఒప్పుకునేవి. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించారు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చిన సవరణగా దాన్ని అందరూ గుర్తుపెట్టుకున్నారు. తెలుగునాట ఆ పని అంతకు ఇరవై ఏళ్ల ముందే మొదలైంది. కానీ అదే సవరణలో మరో ముక్క ఉంది, దాని గురించి చెప్పుకున్నవాళ్లు తక్కువ. 2005 సెప్టెంబరు 9 తర్వాత చేసిన అప్పుల విషయంలో, కేవలం ఆ పవిత్ర బాధ్యత పేరు చెప్పి తండ్రి, తాత, ముత్తాతల బాకీ కోసం వారసుల మీదికి వెళ్లడం కుదరదని అది తేల్చేసింది. డబ్బు అప్పు దగ్గర చట్టం ఆ గొలుసు తెంపింది. నెత్తుటి అప్పును మోయాలని చట్టం ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. అయినా అదే తరం దాటి తరానికి నడిచింది.

రాయలసీమ పల్లెల్లో దశాబ్దాల పాటు నడిచింది సరిగ్గా ఇదే. అక్కడి వర్గాల మూలాలను పాలెగాళ్ల కాలం దాకా తీసుకెళ్లేవారున్నారు. 1800లో నిజాం ఆ జిల్లాలను కుంఫిణీకి ధారాదత్తం చేశాక, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్లను అణచివేశాడు. అయితే పాలెగాళ్లు పోయినంత మాత్రాన పగలు పుడతాయని చెప్పడం తేలిక సమాధానం. పంచాయతీ ఎన్నికలు, కాంట్రాక్టులు, నీళ్లు, భూమి, ఒక గుడి ఉత్సవంలో ముందు ఎవరు నడవాలన్న పట్టుదల, ఇవన్నీ కట్టెలు వేశాయి. చంపినవాళ్లూ చచ్చినవాళ్లూ ఎక్కువగా నాయకులు కాదు, వాళ్ల వెంట నడిచిన పేదలు. వాళ్ల ఇళ్లలో తీరాల్సిన అప్పులు వేరే ఉండేవి. బోరు కోసం చేసినవి, వేరుశనగ విత్తనం కోసం చేసినవి.

సినిమా ఈ బాకీ మీద బాగానే వడ్డీ తిన్నది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’. కొన్నేళ్లపాటు సీమ అంటే తొడగొట్టడమే అనుకున్నారు ప్రేక్షకులు. ఆ నేలకు అసలు కథ కరవు అని అక్కడి రచయితలు మొత్తుకుంటూనే ఉన్నారు. వాళ్ల మాటలో న్యాయముంది. తర్వాత తర్వాత సినిమావాళ్లకే అనుమానం వచ్చినట్టుంది. 2010లో వచ్చిన ‘మర్యాద రామన్న’లో పగ నవ్వులపాలైంది. గడప లోపల ఉన్నంతసేపు శత్రువుకు కొసరి కొసరి వడ్డిస్తారు, గడప దాటితే కత్తి తీస్తారు. పగకు ఇల్లు, వీధి అని ఎల్లలు పెట్టడంలోని అసంబద్ధతకు జనం కడుపుబ్బ నవ్వారు. 2012లో ‘ఈగ’ అయితే చెప్పనక్కర్లేదు. చచ్చి ఈగై పుట్టినా బాకీ వదల్లేదు! 2018లో ‘అరవింద సమేత వీర రాఘవ’ దగ్గరికి వచ్చేసరికి, గెలిచిన కత్తి కంటే ఆగిన కత్తి గురించి మాట్లాడటం మొదలైంది. అయినా అందులోనూ పోరాటాలకు కొదవలేదనుకోండి.

ఆగిన కత్తి మాట సినిమా కంటే ముందే తెలుగులో ఉంది. పగకు నిలువెత్తు బొమ్మ గీయమంటే ఎవరైనా ద్రౌపదినే గీస్తారు. జుట్టు విరబోసుకుని నిండుసభలో నిలబడ్డ ద్రౌపదిని. కానీ పోతన భాగవతం మొదటి స్కంధంలో కనిపించే ద్రౌపది వేరు. నిద్రలో ఉన్న అయిదుగురు కొడుకులనూ అశ్వత్థామ చంపేశాడు. అర్జునుడు అతన్ని పశువును కట్టినట్టు కట్టి తెచ్చి ఆమె ముందు పడేశాడు. ఇంతకంటే తీర్చుకోవడానికి వీలైన సమయం ఏ పగకూ దొరకదు. ఆమె అతన్ని వదిలేయమంటుంది. ఎందుకంటే అతనికి తల్లి ఉంది. తాను ఏడుస్తున్నట్టు కృపి కూడా ఏడవకూడదు. భీముడికి ఆ మాట నచ్చదు. చివరికి అశ్వత్థామకు తల గొరిగి, తలలోని మణి తీసుకుని వదిలేస్తారు.

ఇక్కడ ద్రౌపది చేసింది క్షమించడమని చెప్పేస్తే సరిపోదు. ఆమె ఎక్కడా అతను మంచివాడనలేదు. పసివాళ్లను చంపడానికి చేతులెలా వచ్చాయని నిలదీసింది కూడా. ఆమె చూసింది లెక్కలోని రెండో పేజీ. ఈ ఇంటి బాకీ తీరితే ఆ ఇంట్లో ఎవరి పేరు మీద పద్దు తెరుచుకుంటుందో చూసింది. మగవాళ్లు చచ్చినవాళ్ల వైపు తిరిగి మాట్లాడుతుంటే, ఆమె బతికున్న ఇంకో తల్లి వైపు తిరిగింది. ఫ్యాక్షన్ ఊళ్లలో వరసగా బొట్టు చెరుపుకున్న ఇళ్లను చూసినవాళ్లకు ఈ ఘట్టం పురాణంలా అనిపించదు.

‘తీర్పు’ అన్న మాట కూడా ఈ ‘తీర్చు’ నుంచే పుట్టింది. తేడా అంతా ఒక్క ‘కొను’లో ఉంది. తీర్చుకోవడం సొంతానికి, తీర్చడం ఇంకొకరి కోసం. న్యాయమూర్తి తగువు తీరుస్తాడు, తీర్చుకోడు. అతనికి ఆ బాకీలో వాటా లేదు కాబట్టే అతని మాటకు తీర్పని పేరు. తగువు పడ్డవాళ్ల చేతిలోంచి ఆ ‘కొను’ను విడిపించి బయటివాడి చేతిలో పెట్టడానికి లోకానికి వేల ఏళ్లు పట్టింది. కేసు ఏళ్లతరబడి వాయిదాలు పడుతుంటే, సాక్షులు ఒక్కొక్కరే అడ్డం తిరుగుతుంటే, కోర్టు మెట్లమీద కూర్చున్న కక్షిదారుకు మళ్లీ ఆ పాత మాటే గుర్తుకొస్తుంది. తీర్పు ఆలస్యమైనచోట తీర్చుకోవడానికి మనుషులు దొరుకుతారు.

భారతం తెలుగులోకి వచ్చింది కూడా ఒక పగ గుమ్మంలోంచే. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ మొదలుపెట్టిన ఆదిపర్వం ఆరంభంలో ఉన్నది జనమేజయుడి సర్పయాగం. తండ్రి పరీక్షిత్తును తక్షకుడు కాటేశాడు. కొడుకు పాముల జాతినే నిప్పుల్లో వేయడానికి కూర్చున్నాడు. అతన్ని ఎగదోసినవాడు ఉదంకుడు. తక్షకుడి మీద ఉదంకుడికి సొంత పగ ఉంది, తెస్తున్న కుండలాలను దారిలో కాజేశాడని. రాజు అప్పులో తన అప్పు కలిపి కట్టించుకోబోయాడు. ఇలాంటి పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

ఆ యాగం పూర్తికాలేదు. తక్షకుడి వంతు వచ్చేసరికి ఆస్తీకుడనే కుర్రవాడు వచ్చి ఆపమని అడిగాడు. తండ్రి జరత్కారువు ముని. తల్లి నాగకన్య, వాసుకి చెల్లెలు. హోమం చేస్తున్నవాళ్లూ అతనివాళ్లే, అందులో పడుతున్నవాళ్లూ అతనివాళ్లే. ఏ పక్షానికి కక్షి అని రాయాలో తెలియని మనిషి. రాజు మాటిచ్చాడు, మంటలు ఆగాయి. తక్షకుడు బతికాడు. పరీక్షిత్తు బాకీ అలాగే ఉండిపోయింది, ఎవరూ తీర్చలేదు. వైశంపాయనుడు జనమేజయుడికి తాతముత్తాతల పగల కథంతా చెప్పింది ఆ సర్పయాగం సందర్భంలోనే.

పాము పగబడుతుందని, పన్నెండేళ్లయినా వెతుక్కుంటూ వస్తుందని పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పాముకు అంత జ్ఞాపకం లేదు. అలాంటి లెక్కలు రాసుకునేది మనిషొక్కడే. అయినా పెరట్లో పాము కనబడితే పెద్దవాళ్లు కర్ర వెతకడానికి ముందు ఆస్తీకుడి పేరు తలుచుకుంటారు. ఆ పేరు వింటే దాని దారిన అది వెళ్లిపోతుందని నమ్మకం.